మాట్లాడొద్దన్న ఇంట్లోనే మాట పుట్టించిన ఎస్తేరమ్మ

"రోజంతా పిల్లాడితో ఎవరుంటారు?" అని అడిగింది పిల్లల డాక్టరు.

గదిలో నలుగురు పెద్దవాళ్లున్నారు. తల్లి తన్మయి, తండ్రి అభిరామ్, నాయనమ్మ వెంకాయమ్మ, తలుపు పక్కన పిల్లాడి సంచీ, నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డ ఆయా ఎస్తేరమ్మ. గదిలో ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చోమని ఆమెను ఎవరూ అనలేదు. డాక్టరు అలా అడగ్గానే ముగ్గురి చూపులూ తలుపు వైపే తిరిగాయి.

"ఈవిడేనండీ," అంది వెంకాయమ్మ. "పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఈవిడే. ఇక మాటలెలా వస్తాయి చెప్పండి? ఈవిడ భాష అదో రకం. మేం ఇంట్లో ఇంకోలా మాట్లాడతాం. పిల్లాడు ఎటూ తేల్చుకోలేక మాతో నోరే విప్పడం లేదు."

పిల్లాడు చంటి. రెండున్నరేళ్లు దాటాయి. అమ్మా అని పిలవడు, ఆకలి అని చెప్పడు, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఆ గదిలో జరుగుతున్నది తన గురించేనని తెలియక తండ్రి ఒళ్లో, ఆయన ఫోన్లో ఏదో చూస్తూ బుద్ధిగా కూర్చున్నాడు.

అనదలచుకుంటే ఎస్తేరమ్మ దగ్గర ఒక మాట ఉంది. అది విని ఉంటే ఆ గదిలో ముగ్గురూ తలలు దించుకునేవాళ్లు. ఏడాది కిందట, చంటికి నడక బాగా వచ్చాక, ఇదే వెంకాయమ్మ ఆమెను వంటింట్లోకి పిలిచి ఇలా చెప్పింది: "చూడు ఎస్తేరూ, వాడితో నువ్వు ఎక్కువ మాట్లాడకు. ఈ గిట్ల, గట్ల వాడికి అంటుకుంటే రేపు స్కూలు ఇంటర్వ్యూలో నలుగురూ నవ్వుతారు. ఫోన్లో రైమ్స్ పెట్టు. ఇంగ్లీషుకి ఇంగ్లీషూ వస్తుంది, ముద్దకి ముద్దా దిగుతుంది."

తన్మయి అక్కడే నిలబడి టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. "అవును ఎస్తేరమ్మా, రైమ్సే పెట్టు," అని మెట్రోకి పరుగెత్తింది.

అంటే, ముందు ఆమెను మాట్లాడొద్దన్నారు. పిల్లాడికి మాట రాకపోయేసరికి, నీ మాట వల్లే అన్నారు. నోరు కట్టేసిందీ వాళ్లే, నేరం మోపిందీ వాళ్లే. మన ఊళ్లో దీన్ని అన్యాయం అని కూడా అనరు. 'పనిమనిషిని ఒక మాట అన్నాం' అంటారు.

ఆ రోజు ఎస్తేరమ్మ ఆ నిందను మోసుకుంటూ, చంటిని భుజాన వేసుకుని దవాఖాన మెట్లు దిగింది. దిగేటప్పుడు వాడి చేతిలో ఫోన్ జారితే వంగి తీసి మళ్లీ వాడి చేతికే ఇచ్చింది. ఇవ్వకపోతే ఏడుస్తాడు. ఏడిస్తే, "అది కూడా చూసుకోలేవా?" అంటారు.

ఎస్తేరమ్మది మాల్ అనే ఊరు దాటాక లోపలికి ఉండే పల్లె. పెళ్లయ్యాక భర్త సుందరయ్యతో కలిసి ఈ నగరానికి వచ్చింది. సుందరయ్య దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి వాచ్‌మన్. ఆమె మొదట కూలికి పోయింది, తర్వాత హాస్టల్లో అంట్లు తోమింది, ఆ తర్వాత పిల్లల్ని చూసుకునే పనిలో కుదిరింది. ఎల్‌బీ నగర్, కొత్తపేట చుట్టుపక్కల ఆమె చేతుల్లో పెరిగిన పిల్లలు ఇప్పుడు కాలేజీలకు పోతున్నారు. వాళ్లలో కొందరు రోడ్డు మీద కనిపిస్తే బండి ఆపి పలకరిస్తారు. కొందరు హెల్మెట్ కూడా తీయరు. "హెల్మెట్ పెట్టుకున్నోడు మంచిగనే పెరిగిండు అనుకోవాలె," అంటుంది నవ్వి.

ఆమెను దేవతను చేయడానికి నేనిది రాయడం లేదు. చంటికి ఫోన్ ఇవ్వడం ఆమెకూ సుఖంగానే ఉండేది. ముద్ద కలిపి, ఫోన్ నిలబెట్టి, పాట పెడితే చాలు. నోరు దానంతట అదే తెరుచుకునేది. ఏం తింటున్నాడో, ఎంత తింటున్నాడో వాడికి తెలియదు. గిన్నె మాత్రం ఖాళీ అయ్యేది. పిల్లాడు పడుకుంటే ఆమె తన ఫోన్ తెరిచేది. ముందు పాస్టరు గారి వాక్యం, తర్వాత ఎవరో వంకాయ కూర చేస్తున్న వీడియో, ఆ తర్వాత అత్తాకోడళ్ల కొట్లాట, ఇంకా తర్వాత ఏం వచ్చేదో ఆమెకే గుర్తుండదు. "చూస్తనే ఉంటి. ఏం చూసినవ్ అంటే చెప్పనీకి రాదు," అంది, కాలనీ పార్కులో కలిసినప్పుడు నాతో.

ఇంకో సంగతి. ఆ ఇంట్లో చంటి ఫోన్ చూడటాన్ని ఎవరూ చెడ్డ అలవాటు అనుకోలేదు, చదువనుకున్నారు. తమ ఊరు తెనాలి నుంచి చుట్టాలొస్తే వెంకాయమ్మ మనవణ్ని ముందు నిలబెట్టేది. వాడు గోడ వైపు చూస్తూ "ఎల్లో, పర్పుల్, ట్రయాంగిల్" అని వరసగా అప్పజెప్పేవాడు. చుట్టాలు చప్పట్లు కొట్టేవారు. త్రికోణం పేరు తెలిసిన పిల్లాడికి దాహమేస్తే నీళ్లడగడం రాదని ఎవరికీ తట్టలేదు. దిల్‌సుఖ్‌నగర్ అంతా కోచింగే కదా. నిద్రలేచిన దగ్గర్నుంచి ర్యాంకుల బోర్డులు చూసే చోట, పాలు తాగే పిల్లాడు ఇంగ్లీషులో రంగులు చెబితే అది తెలివిగానే కనిపిస్తుంది.

పిల్లల డాక్టరు ముందు చెవుల పరీక్ష రాసింది. చెవులు బాగున్నాయి. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో మాటలు నేర్పే క్లినిక్‌కి పంపింది. అక్కడి థెరపిస్టు పేరు సాధన. నేల మీదే కూర్చుని పిల్లలతో ఆడే మనిషి.

"మీరు పిలవండి," అంది సాధన తన్మయితో.

"చంటీ!"

చంటి చెక్క దిమ్మెలు పేరుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"చంటీ కన్నా! ఇటు చూడు!" అన్నాడు అభిరామ్. లేదు. వెంకాయమ్మ పిలిచింది, చప్పట్లు కొట్టింది. లేదు.

ఇంతలో అభిరామ్ జేబులో ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. చిన్న 'టింగ్'. చంటి దిమ్మెలు వదిలేసి, చటుక్కున తిరిగి, చేయి చాచుకుంటూ తండ్రి జేబు మీదకు వచ్చాడు.

తన్మయి ముఖం చేతుల్లో దాచుకుంది. మూల నిలబడ్డ ఎస్తేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

సాధన ఎవర్నీ తిట్టలేదు. మాటలు ఆలస్యమైన ప్రతి బిడ్డకూ కారణం ఫోనే కాదని చెప్పింది. వీడి విషయంలో మాత్రం ఎదురుగా ముఖం పెట్టి మాట్లాడే మనుషులు కరువయ్యారని చెప్పింది. ఫోన్ పాట పాడుతుంది కానీ జవాబు కోసం ఆగదు, పిల్లాడు నవ్వితే నవ్వదు అంది. ఇంట్లో తెర పూర్తిగా ఆపమంది. "ఏ భాషయినా ఫరవాలేదు, ఏ యాసయినా ఫరవాలేదు. మనిషి మాట వినాలి. పగలంతా వీడితో ఉండేది మీరేనా అమ్మా? వచ్చేసారి మీరు ముందు కూర్చోండి," అంది ఎస్తేరమ్మతో.

మెట్లు దిగుతూ వెంకాయమ్మ గొణిగింది. "ఏ యాసయినా ఫరవాలేదట. ఆవిడదీ ఎస్తేరు వాళ్ల పక్కే అయ్యుంటుంది."

ఆ సాయంత్రం ఇంట్లో సుందరయ్య మండిపడ్డాడు. "అంతమంది ముందల గంత మాట అన్నరు. ఇంకా ఆ గడప తొక్కుతవా? నీ తోటి ఆయా సంతోషి చెప్పింది గదా, వనస్థలిపురంల ఒక మేడం రమ్మంటున్నదని. పో."

"పోతే నాకేం కాదు. నేను పోతే ఆ పోరనికి ఫోనే మిగుల్తది," అంది ఎస్తేరమ్మ.

"నువ్వున్నప్పుడు గూడ ఫోనేనాయె!"

"గందుకే పోను. ఇప్పుడు మాట్లాడుమన్నరు. ఇన్నొద్దులు మూసిన నోరు తెరుస్త."

"ముందుగాల నీ చేతిలున్నది బంజెయ్," అన్నాడు సుందరయ్య.

ఆమె కిందకు చూసుకుంది. భర్తతో అంత మాట్లాడుతున్నా బొటనవేలు తెర మీద జారుతూనే ఉంది. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి చేపల పులుసు కలుపుతోంది. "సిగ్గయింది," అని చెప్పింది నాకు. "నాకే ఇడువరాకుంటే, మాట రాని పోరడు ఎట్లిడుస్తడు?"

ఎస్తేరమ్మ చేసిన పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పిల్లాడి చేతిలోది లాక్కోవడంతో మొదలుపెట్టలేదు, తనదాంతో మొదలుపెట్టింది. మర్నాడు ఆ ఫ్లాట్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, స్టాండు మీద సర్ది, కొంగున దోపుకున్న ఫోన్ తీసి ఆ స్టాండు పైనే పెట్టి లోపలికి వచ్చింది.

"అదేంటి ఎస్తేరమ్మా, అక్కడ పెట్టావు?" అంది తన్మయి.

"చెప్పులేస్కొని వంటింట్ల తిరుగుతమా అమ్మా? బయట ఎన్ని దిక్కుల తిరిగినా గుమ్మం కాడ ఇడుస్తం గదా. గిది కూడ గంతే. మీరందరు గూడ గీడనే పెట్టాలె. పిలగాడు మెలుకువున్నంత సేపు ఇంట్ల ఎవ్వరి చేతుల కనబడొద్దు."

ఇంట్లో పనిచేసే మనిషి ఇంటివాళ్లకు నియమం పెట్టడం ఆ ఫ్లాట్ ఎన్నడూ చూడలేదు. అభిరామ్ నవ్వాడు. తన్మయి తన ఫోన్ తీసుకెళ్లి స్టాండు పైన పెట్టింది. వెంకాయమ్మకు మాత్రం ఎక్కడ లేని కోపమొచ్చింది.

"నా ఫోన్ తెర మీద ఏడుకొండలవాడున్నాడు! చెప్పుల మీద పెట్టమంటావా? నీకు భయం లేదుటే?"

ఎస్తేరమ్మ తన ఫోన్ స్టాండు మీంచి తీసింది. "నా ఫోన్ల ఏసయ్య ఉన్నడు పెద్దమ్మగారూ. నిజమే, చెప్పుల మీద మంచిగలేదు. ఇద్దర్ని పైన పెడదాం."

పూజగదిలో వాడకుండా పడున్న పూలబుట్ట తెచ్చింది. చెప్పుల స్టాండుకు పైన, మనిషి తలకన్నా ఎత్తున ఉన్న మేకుకు తగిలించింది. అందులోకి మొదట తన ఫోన్ వెళ్లింది. పక్కనే తన్మయిది. చివరికి వెంకాయమ్మది. "ఆయన్ని పైన పెట్టు, పైన!" అని ఆమె చెబుతుంటే, "దేవుణ్ని పైననే పెట్టిన, కిందున్నదంత మాయనే," అంది ఎస్తేరమ్మ. తన్మయి పక్కకు తిరిగి నవ్వుకుంది. ఫోన్ మోగితే పోయి మాట్లాడొచ్చు, బుట్ట దగ్గరే నిలబడి మాట్లాడాలి. నిలబడి మాట్లాడితే మాటలు వాటంతటవే తగ్గిపోయాయి.

ఇదంతా పెద్దవాళ్ల సంగతి. చంటికి అది యుద్ధం.

మొదటి రోజు అన్నం గిన్నె విసిరికొట్టాడు. నేలకు తల కొట్టుకున్నాడు. ఎస్తేరమ్మ చేయి కొరికాడు. మధ్యాహ్నం దాకా మెతుకు ముట్టలేదు. వెంకాయమ్మ ఉండబట్టలేక లేచింది. ఫోన్ తీసుకురాబోయింది. "పిల్లాడు ఆకలితో అల్లాడిపోతుంటే నీ నియమాలేంటే! పంతమా?"

"పంతం కాదు పెద్దమ్మగారూ. ఆకలైతే తింటడు. జర ఆగుండ్రి. నన్ను తిట్టుండ్రి, ఫోన్ మాత్రం తియ్యకుండ్రి."

వెంకాయమ్మ తిట్టింది. ఎస్తేరమ్మ పడింది. సాయంత్రం చంటి అలసిపోయి, నేల మీద పడ్డ అప్పడం ముక్క ఒకటి తనే ఏరుకుని నోట్లో పెట్టుకున్నాడు. పాట లేకుండా తన చేత్తో తిన్న మొదటి తిండి అదే.

ఇంకో రోజు బాల్కనీ అద్దం దగ్గర నిలబెట్టింది. కింద ఉల్లిగడ్డల ట్రాలీ ఆటో వచ్చింది, మైకులో రేటు అరుస్తూ. "గదిగో బండి, చూడు బిడ్డా" అంటే చంటి చూశాడు. చూసి, వేలితో అద్దాన్ని ఫోన్ తెరలా పక్కకు తోశాడు. బండి మారలేదు. మళ్లీ తోశాడు. మారలేదు. ఎస్తేరమ్మ వైపు కోపంగా చూశాడు. అద్దంలోంచి కనిపించే వీధిని కూడా వేలితో మార్చెయ్యాలనుకునే పిల్లాడు! వంటింట్లోంచి చూస్తున్న తన్మయి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి ఎస్తేరమ్మ గిన్నె పట్టుకుని వాణ్ని కిందికి తీసుకుపోయేది. మన ఇళ్లలో పిల్లల్ని ఎత్తుకుని వీధంతా తిప్పుతూ తినిపించడం ఎప్పటినుంచో ఉన్నదే. లిఫ్టులు వచ్చాక, ఫోన్లు వచ్చాక మానేశాం. ఆమె మళ్లీ మొదలుపెట్టింది. గేటు దగ్గర వాచ్‌మన్ అంతయ్య, ఇస్త్రీ బండి, నీళ్ల ట్యాంకరు, పాలు పోసే పిల్ల, గోడ మీద పిల్లి. ప్రతిదానికీ ఆగేది, ప్రతిదాని గురించీ చెప్పేది.

"గిది పిల్లి. ఏంది చూస్తున్నవ్ పిల్లీ? మా చంటి బువ్వ కావాల్నా? ఇయ్యం పో! పెరుగు కలుపుకొని మేమే తింటం. అంతయ్య తాతకు ఒక ముద్ద పెడదామా? వద్దంటున్నవా? సరే తాతకు వద్దు."

"నాకెందుకు వద్దు, నాకు పెట్టు," అనేవాడు అంతయ్య నోరు తెరిచి.

ఏడాది పాటు లోపల అణిచిపెట్టుకున్న మాటలన్నీ బయటికి వచ్చాయి. గిట్లకు గిట్ల, గట్లకు గట్ల. ఎవరి దయా అడగలేదు.

మధ్యలో ఒకసారి అంతా మొదటికొచ్చింది. ఆమె రాని ఒక ఆదివారం గడిచిన మర్నాడు పొద్దున్నే చంటి మళ్లీ గిన్నె విసిరాడు, మళ్లీ అద్దాన్ని తోశాడు. ఎస్తేరమ్మకు అర్థమైంది. అభిరామ్ ఆఫీసుకు వెళ్లబోతుంటే గుమ్మం దగ్గర అడిగింది.

"సారూ, నిన్న పిలగానికి ఫోన్ ఇచ్చిండ్రా?"

"లేదే."

"సారూ."

అభిరామ్ కారు తాళం అటూ ఇటూ తిప్పాడు. "కొత్తపేట సిగ్నల్ దగ్గర ఒకటే ఏడుపు ఎస్తేరమ్మా. వెనక హారన్లు. ఏం చెయ్యమంటావు?"

"ఏడవనియ్యాలె సారూ. ఏడిస్తే మనం ఏందిరా కొడుకా అని అడుగుతం. ఫోనిస్తే అడుగుతమా?"

అభిరామ్‌లో మంచి ఒకటుంది, వాదించలేదు. అప్పటిదాకా ఆఫీసు పని వంకతో తన ఫోన్ బుట్టలో పెట్టనివాడు, సాయంత్రం రాగానే పెట్టాడు. పెట్టి, ఏం చేయాలో తోచక కాసేపు హాల్లో అటూ ఇటూ తిరిగాడు. తర్వాత చంటి పక్కన నేల మీద కూర్చున్నాడు. కొడుకుతో ఏం మాట్లాడాలో ఆ తండ్రికి తెలియలేదు. వంటింటి వైపు తిరిగి, "ఎస్తేరమ్మా, పిల్లి గురించి ఏం చెప్తావు నువ్వు?" అని అడిగాడు.

సాధన క్లినిక్‌లో ఎస్తేరమ్మ ఇప్పుడు ముందు వరసలో కూర్చునేది. అక్కడ ఒక కిటుకు చెప్పారు. పిల్లాడు అడగకముందే ఇవ్వకండి, చేతిలో పట్టుకుని కొంచెం ఆగండి, వాడి కళ్లలోకి చూడండి అని. ఆమెకు అది చాలా కష్టమైంది. పిల్లల చేతికి అన్నీ ముందే అందించడమే ఇన్నేళ్లూ ఆమె చేసిన పని. "ఆగుడు నేర్చుకునేతందుకు పానం పోయింది," అనేది.

ఒక పొద్దున గేటు దగ్గర ఉల్లిగడ్డల బండి ఆగింది. వెంకాయమ్మ కూడా కరివేపాకు కోసం కిందికి దిగింది. చంటి బండి మీది ఉల్లిగడ్డ వైపు చేయి చాచాడు. ఎస్తేరమ్మ ఒకటి తీసి చేతిలో పట్టుకుంది, ఇవ్వలేదు. వాడు ఆమె కొంగు లాగాడు. ఆమె కూర్చుని, వాడి ముఖానికి ముఖం పెట్టి చూసింది. వాడు అరిచాడు. ఆమె ఆగింది. బండివాడు మైకు ఆపి చూస్తున్నాడు.

"ఇచ్చెయ్యవే, ఏడిపిస్తావేంటి!" అంది వెంకాయమ్మ.

చంటి ఎస్తేరమ్మ గడ్డం పట్టుకున్నాడు. ఆమె పెదాల వైపు చూశాడు.

"ఇయ్యి," అన్నాడు.

"అన్నడు!" అని కుర్చీలోంచి లేచాడు అంతయ్య. "అక్కా, అన్నడు! నేను ఇన్న!"

వెంకాయమ్మ చేతిలో కరివేపాకు కింద పడిపోయింది. "ఏమన్నాడు? ఏమన్నావు నాన్నా? మళ్లీ అను, మళ్లీ అను..." వాడు మళ్లీ అనలేదు. ఉల్లిగడ్డ దొరికింది, వాడికి ఇక మాటతో పనేముంది? వెంకాయమ్మ బండి మీంచి ఇంకో ఉల్లిగడ్డ తీసి, ఎత్తి పట్టుకుని, మనవడి ముందు కూర్చుంది. మోకాళ్ల నొప్పుల మనిషి, రోడ్డు మీద. చంటి ఆ చేతి వైపు చూశాడు, ఆమె కళ్లలోకి చూశాడు. "ఇయ్యి," అన్నాడు.

"ఇస్తాను నాయనా, ఇస్తాను, బండి మొత్తం ఇస్తాను," అని ఏడ్చింది వెంకాయమ్మ.

పైకి రాగానే బుట్ట దగ్గర నిలబడి తెనాలిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. "మా వాడు ఇయ్యి అన్నాడే! అవును, ఇయ్యి అనే అన్నాడు! ఎవరు నేర్పారంటావేంటి, మా ఎస్తేరమ్మే!" ఎస్తేరు కాస్తా ఎస్తేరమ్మ అయింది ఆ ఫోన్లోనే.

క్షమాపణ మాత్రం చెప్పలేదు. ఈ మాట నేను దాచను. డాక్టరు గదిలో అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాం అని ఆ ఇంట్లో ఇవాళ్టి దాకా ఎవరూ అనలేదు. తన్మయి ఒకసారి మొదలుపెట్టి, కళ్లనీళ్లతో ఆగిపోయింది. "అనకున్నా ఏం లేదమ్మా," అంది ఎస్తేరమ్మ. ఆమెకు లేకపోవచ్చు, నాకు ఉంది. మనుషుల మంచితనాన్ని ఆసరా చేసుకుని మన తప్పులు చెరిపేసుకోవడం మనకు బాగా అలవాటైపోయింది.

తన్మయిని ఒక్కదాన్నే బోనులో నిలబెట్టడం కూడా నాకిష్టం లేదు. ఇద్దరూ ఉద్యోగం చేస్తే తప్ప ఈ నగరంలో కిరాయి కట్టలేని రోజులివి. పిల్లల్ని నమ్మి వదిలే చోటు ఏ ఆఫీసులోనూ ఉండదు. ఇంటికొచ్చాక కూడా ఆఫీసు గ్రూపులో మెసేజ్ చూడలేదేమని అడిగే పైఅధికారి ఉంటాడు. ఇవన్నీ మీద పడ్డ తల్లి చేతికి ఫోన్ అందుతుంది. ఫోన్ పిల్లాడి చేతికి అందుతుంది. ఆ వరసలో చివర నిలబడ్డ ఆయా మీద మాత్రం నింద పడుతుంది.

ఎస్తేరమ్మ ఆ ఫ్లాట్ దగ్గరే ఆగలేదు. సాయంత్రాలు కాలనీ పార్కులో ఆయాలందరూ పిల్లల్ని తీసుకొచ్చి బెంచీల మీద కూర్చుంటారు. ఒక చేత్తో పిల్లల బండి ఊపుతూ, ఇంకో చేత్తో ఫోన్. ఎస్తేరమ్మ పోయి సంతోషి పక్కన కూర్చుంది. సంతోషి చిన్న వయసుది, నోరు జోరు.

"నీ చేతిలది సంచిల ఎయ్యి," అంది ఎస్తేరమ్మ.

"ఏందక్కా, డాక్టరమ్మవైనవా? ఊర్కె కూసుంటే పొద్దు ఎట్ల పోతది?"

"నాతోని మాట్లాడు."

"నీతోని ఏం మాట్లాడాలె? నువ్వు చెప్పేది మోకాళ్ల నొప్పులు!"

"నీ మొగని లొల్లి చెప్పు, వింట."

బెంచీ మొత్తం నవ్వింది. సంతోషి కూడా నవ్వి ఫోన్ సంచీలో వేసింది. అందరి సంచులూ జారుడుబల్ల కమ్మీకి తగిలించారు. పిల్లలు ఆడినంత సేపు ముట్టొద్దనుకున్నారు. కొందరు ఆ మాట నిలబెట్టుకున్నారు, కొందరు రెండో రోజే తీశారు. సంతోషికి తీయక తప్పలేదు. వాళ్ల మేడం గంట గంటకూ పిల్ల ఫొటో పంపమంటుంది. పంపకపోతే "ఏం చేస్తున్నావక్కడ?" అని ఫోన్. పిల్ల ఆడుతుంటే ఫోన్ తీయాలి, పిల్ల నవ్వితే ఫోన్ తీయాలి. ఆ పిల్లకు తెలిసిన ఆయా ముఖం సగం ఫోన్ వెనకే ఉంటుంది. ఎస్తేరమ్మ ఊరుకోలేదు. తన్మయిని వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయి మాట్లాడించింది. ఇప్పుడు ఫొటోలు లేవు, మధ్యాహ్నం ఒక్క ఫోన్ కాల్, అది కూడా పిల్ల పడుకున్నాక. ఆ మేడం అక్కడిదాకా దిగింది. ఇంకా దిగాల్సిన వాళ్లు కాలనీ నిండా ఉన్నారు.

చంటి పూర్తిగా గట్టెక్కాడని చెప్పను. సాధన దగ్గరకు ఇంకా వెళ్తున్నాడు. స్కూల్లో వేయడం ఏడాది వెనక్కి జరిపారు. కానీ పిలిస్తే తిరిగి చూస్తున్నాడు. "నీళ్లు ఇయ్యి" అంటున్నాడు. "అమ్మ రా" అంటున్నాడు. మొన్న పార్కులో నన్ను చూసి, నా పక్కన ఎవరూ లేరని గమనించి, "ఒక్కడే?" అని అడిగాడు. రెండున్నరేళ్లు ఎవర్నీ పట్టించుకోని పిల్లాడికి, ఎదుటివాడు ఒంటరిగా ఉన్నాడన్న సంగతి పట్టింది. దీన్ని మించిన తెలివి ఏ కోచింగ్ సెంటర్ నేర్పుతుందో నాకు తెలియదు.

ఇది చదువుతున్నవాళ్లను ఒకటి అడుగుతున్నాను. మెచ్చుకుని వదిలేయకండి. బహుశా మీరు దీన్ని ఫోన్లోనే చదువుతుంటారు. ఇవాళ మీ ఇంట్లో పిల్లలు అన్నానికి కూర్చునేసరికి ముందు మీది పక్కన పెట్టండి. వాళ్లది అడగకండి, మీది పెట్టండి. పేరు పెట్టి ఒకసారి పిలవండి. మీ బిడ్డ తిరిగి చూడకపోతే భయపడి దాచకండి, ఎవర్నీ నిందించకండి, ఈ వారంలోనే తీసుకెళ్లి చూపించండి. మీ పిల్లల్ని మరో మనిషి చూసుకుంటుంటే, ఆమెను ఫొటోలు పంపమని సతాయించకండి. కుర్చీ చూపించి కూర్చోమనండి. "నీకొచ్చిన మాటలన్నీ మా బిడ్డకు చెప్పు" అని మీ నోటితో మీరే చెప్పండి. ఎప్పుడో ఒకప్పుడు కాదు, రేపు పొద్దున ఆమె గుమ్మంలో చెప్పులు విడిచేటప్పుడే చెప్పండి.